ఏ పచ్చ?

"గోర్లు చూపియ్ ముత్యం."

ముత్యం లాకప్ ఊచల సందులోంచి రెండు చేతులూ బయటికి చాపాడు. పది గోర్లూ పసుపు ముద్దలో ముంచి తీసినట్టున్నాయి. పద్మారాణి వంగి చూసింది. తన చీరకొంగు తడిపి ఒక గోరును గట్టిగా రుద్దింది. కొంగుకు రవ్వంత రంగు కూడా అంటలేదు.

"ఎన్నొద్దుల రంగు ఇది?"

"మొన్నటి ఐతారం గాదు, అంతకు ముందుటి ఐతారంది అక్కా. ఆ రోజే మిల్లుల బాయిలర్ ఖరాబై పని బంద్ వెట్టిన్రు. పదకొండు దినాలాయె. సబ్బు రుద్దిన, గాసునూనె రుద్దిన. మిల్లు రంగు అంటుకుంటే గంతే, అది పోవాల్నంటే గోరు పెరిగి ఊడాలె."

"మంచిది. గోర్లు తీయకు, కొరకకు. గట్లనే ఉంచు."

గోడ గడియారం పది నలభై చూపిస్తోంది. మూడు గంటలకు ముత్యాన్ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ముగ్గురిని చంపాడని కేసు. గుజరాత్‌లోని వడోద్‌లో తెలుగు మగ్గం కార్మికులుండే యాభై రెండు గదుల లైను, ఆ లైనంతటికీ రోజూ ట్యాంకరు నింపే, భూమిలో తవ్విన ఒకే ఒక నీళ్ళ టాంకీ. అందులో ముత్యం మిల్లు నుంచి తెచ్చిన పసుపు రంగు కలిపాడనీ, నలభై ఒక్కమంది మంచాన పడ్డారనీ, ముగ్గురు లివరు చెడి చచ్చారనీ పోలీసుల లెక్క. ఇవాళ ముత్యం జైలుకు పోతే ఆ లెక్కే ఖాయమవుతుంది. తప్పంతా టాంకీది, ట్యాంకరు నీళ్ళకేం దోషం లేదని రాసేస్తారు. ఆ ట్యాంకరు రోజూ వస్తూనే ఉంది. టాంకీకి సీలు వేశారు కనుక, ఇప్పుడు నేరుగా జనం డ్రమ్ముల్లోనే పోస్తోంది.

పద్మారాణికి కడుపు మండుతున్నది ఇక్కడే.

ఆమె చదివింది ఎనిమిదో తరగతి. ఒక వకీలు దగ్గర పన్నెండేళ్ళు ఫైళ్ళు మోసింది. మోసినవన్నీ చదివింది, చదివినవన్నీ గుర్తుపెట్టుకుంది. ఇప్పుడు లింబాయత్‌లో జిరాక్స్ షాపు మీది గదికి 'పద్మ ఎంక్వైరీ' అని బోర్డు కట్టి కూర్చుంది. ఈ కేసు తెచ్చింది ముత్యం చుట్టాలు కాదు. చనిపోయిన ముగ్గురిలో ఒకడైన అంబదాస్ భార్య సమ్మక్క. మొగుణ్ణి మట్టిలో పెట్టి వచ్చిన మూడో రోజున ఎంక్వైరీ గది మెట్లెక్కి, "ముత్యం గసొంటోడు కాదక్కా, నా మొగణ్ణి సంపింది వేరే ఏదో ఉన్నది" అంది. అంతకంటే పెద్ద సాక్ష్యం పద్మారాణికి అక్కరలేదు. కోర్టుకు మాత్రం కావాలి.

"నువ్వొక్కనివే ఎందుకు బీమారు పడలే?"

"పని బంద్ అయినకాంచి తిండి, నీళ్లు అన్నీ మా అక్కోళ్ల ఇంట్ల, లింబాయత్‌ల. పండుటానికే రూముకు పోత. పొద్దుగాల లేసి ట్యాంకరొస్తే పైపు పట్టుడు, మోటరు ఏసుడు. గంతే నా పని."

"'ఈ నీళ్లు తాగే చస్తరు మీరు' అని లైనంతా ఇనంగ అన్నవట."

"అన్న." ముత్యం మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "నీళ్ల కుళ్లు వాసన సూసి అన్న. తాగకుండ్రి అని అన్న. గిప్పుడు దాన్నే బెదిరింపు అని రాసిన్రు."

"ఏడ్వకు. పోయిన వారం బుధారం పొద్దుగాల ఏమైంది? గడియారం చూసి చెప్పినట్టు చెప్పు."

"ఆరున్నరకు ట్యాంకరొచ్చింది. పైపు టాంకీల ఏసిన. నీళ్లు దబదబ పడుతుంటే నీళ్లతోటి ఓ మూట పడ్డది. పిడికెడంత. ఇనుప తీగతోటి కట్టిన మూట. డ్రైవర్ ఇంజన్ కాడ బీడీ తాగుతుండె. నేను నా మిల్లు బకీటు ఏసి మూట పైకి దీసి, మీటర్ డబ్బా ఎన్క పారేసిన. ఏడు గాలే అప్పటికి."

బకెట్‌తో టాంకీ మీద వంగిన ముత్యాన్ని ఇద్దరు చూశారు. పోలీసుల దగ్గరున్న సాక్షులు వాళ్ళే. రంగు పోసిన బకెట్ అన్నారు దాన్ని.

"మూట సంగతి పోలీసోళ్లకు చెప్పినవా?"

"చెప్పిన. సూట్‌కేసు సారు నవ్విండు."

"ఎవలా సూట్‌కేసు సారు?"

"నేనేనమ్మా," అని వెనకనుంచి ఒక గొంతు.

పేరు బ్రహ్మచారి. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, చేతిలో నల్ల బ్రీఫ్‌కేసు. కేంద్ర ప్రభుత్వ కొలువులో ముప్పై ఏళ్ళు విచారణలు చేసి రిటైరైన మనిషి. రింగ్ రోడ్డులో ఏసీ గది, గది నిండా ఇంగ్లీషు సర్టిఫికెట్లు. వడోద్ గదుల యజమాని హస్ముఖ్‌భాయ్ ఈయన్ను పెట్టుకున్నాడు. ట్యాంకర్లు కూడా ఆ హస్ముఖ్‌భాయ్‌వే. లైన్లో ఆడవాళ్ళకు హిందీ సరిగా రాదు, పోలీసులకు తెలుగు రాదు. అందుకని సమ్మక్క వాంగ్మూలాన్ని హిందీలోకి తిప్పింది బ్రహ్మచారే.

"మీ పేరు విన్నాను పద్మారాణి గారూ. పెళ్ళికి ముందు పిల్లవాడి నడవడి కనుక్కోవడం, పారిపోయిన కోడళ్ళను వెతకడం మీకు బాగా వచ్చునట. ఇది హత్య కేసు. కొంచెం చదువు కావాలి."

"చదువుకునే వచ్చిన్లే సారూ. మీరు రాసిన కాయితం చదివిన."

ఆమె చేతిలో ఉన్నది సమ్మక్క వాంగ్మూలం నకలు. మొత్తం పదకొండు లైన్లు. నాలుగో లైన్లో 'నా భర్త కళ్ళు పీలా అయ్యాయి.' ఐదో లైన్లో 'నీళ్ళు కూడా పీలాగా ఉన్నాయి.' పీలా అంటే పసుపు. టాంకీ పక్కన దొరికిన బకెట్ లోపల పసుపు మరక. ముత్యం గోర్లు పసుపు. మూడూ కలిపి ముడేశారు, కేసు అయిపోయింది.

"ఆమె తెలుగుల ఏ మాటన్నదో అది ఎక్కడుంది సారూ?"

"తెలుగు రాసి ఎవరికి చూపించాలి? అర్థం రాశాను. ఒక్క అక్షరం నేను కల్పించలేదు."

"కల్పించిన్రని అనలే. ఏ మాటన్నదో అడిగిన."

"అర్థమే ముఖ్యం."

ఈ మాటకు ఆమె జవాబు చెప్పేదే. కానీ ఇన్‌స్పెక్టర్ ఝాలా వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఎండకు ముఖం కందిపోయి ఉంది. గుజరాతీలో అక్కా అన్నట్టు బెన్ అని పిలిచి, హిందీలో సూటిగా చెప్పాడు: "బెన్, నాకు కథలొద్దు. రెండున్నరలోగా చేతిలో పట్టుకునేది ఏదైనా తీసుకురా, చూస్తాను. లేకపోతే మూడింటికి వాణ్ణి తీసుకెళతాను. టాంకీ సీలు తీయడానికి కానిస్టేబుల్ వస్తాడు. చారీసాబ్, మీరూ వెళ్ళండి. ఆమె అక్కడేదీ కదిలించకుండా చూడండి."

"నన్ను చూసుడు కాదు, ఆయన్నే చూడమనుండ్రి. జర కండ్లు తెరుచుకొని," అంది పద్మారాణి, తెలుగులోనే. ఝాలాకు అర్థం కాలేదు, బ్రహ్మచారికి అయింది.

*

పదకొండూ యాభైకి టాంకీ మూత తెరిచారు. నీళ్ళు పోలీసులు మొన్న మంగళవారమే తోడించేశారు. పద్మారాణి చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, టార్చి నోట కరచుకుని, ఇనుప మెట్ల మీదుగా దిగింది. పైన కానిస్టేబుల్, బ్రహ్మచారి, వాళ్ళ వెనక ఇరవై ముప్పై మంది ఆడవాళ్ళు.

గోడకు మోకాలెత్తున ఒక చారిక ఉంది. జానెడు వెడల్పు. ఎండిపోయి పొలుసులు లేచింది. పోలీసులూ చూసే ఉంటారు, పాచి అనుకుని వదిలేసి ఉంటారు. టార్చి దగ్గరగా పెడితే ఆ పొలుసుల రంగు మామూలు పాచి రంగులా లేదు. నెమలి మెడ రంగు. గోరుతో గీకితే సున్నంలా రాలింది.

"సారూ, మీ చేతిరుమాలు ఇటెయ్యుండ్రి."

"దేనికి?"

"ఇస్త్రీది గదా. తెల్లగున్నది. ఇయ్యుండ్రి, తినను."

పైన ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. రుమాలు జారుతూ వచ్చి ఆమె భుజం మీద పడింది. కానిస్టేబుల్ అందించిన సీసాలోంచి దాన్ని తడిపి, నాలుగు గోడలూ అడుగూ మూలలూ రుద్దింది. పైకెక్కి బ్రహ్మచారి ముఖం ముందు విప్పి పట్టుకుంది. మట్టి, బూడిద రంగు, కాస్త నీలం. పసుపు లేదు.

"ముత్యం గోరుమీది రంగు పదకొండు దినాల సబ్బుకు పోలే. గీ సిమెంటు గోడ అదే రంగు నీళ్ళల్ల నానిందట, మరక లేదట. ఎట్ల పోయింది సారూ? గోడ ఏ సబ్బుతోటి తానం చేసింది?"

"కొద్ది రంగు అయి ఉండవచ్చు."

"ముగ్గుర్ని సంపేటంత, కానీ గోడకు అంటనంత! ఏ దుకాణంల దొరుకుతది అది?"

పద్మారాణి అప్పటికే మీటర్ డబ్బా వెనక చెయ్యి పెట్టింది. సాలెగూళ్ళు, గుట్కా కాగితాలు, వాటి కింద గట్టిపడిన గుడ్డ మూట. గుడ్డ నీలంగా మారి ఉంది. దాన్ని కట్టిన ఇనుప తీగ తుప్పు రంగులో లేదు. కొత్త రాగి చెంబులా ఎర్రగా మెరుస్తోంది.

"సమ్మక్కా, ఇటు రా. గిది ఏందో చెప్పు."

సమ్మక్క గడపలో కూర్చున్నది లేచి వచ్చింది. ముప్పై నాలుగేళ్ళ మనిషి, నాలుగు రోజుల్లో పదేళ్ళు ముసలిదైంది. మూట మడతలో మిగిలిన ఒక పలుకును గోటితో తీసి చూసింది.

"మైలుతుత్తం. ఊళ్లె కూరగాయల తోటకు తెగులొస్తే సున్నంల కలిపి కొడ్తుంటిమి. ఇనుప డబ్బల కలిపితే డబ్బకు గిట్లనే రాగి పడ్తది, మా నాయిన తిట్టేటోడు. గిదేంది ఈడున్నది?"

"ట్యాంకరు పైపుల నుంచి పడ్డది."

బ్రహ్మచారి అడ్డుపడ్డాడు. "మూట ముత్యమే అక్కడ పెట్టి ఉండవచ్చు కదా. మరొక విషం. పసుపు నీళ్ళ సంగతి ఈమె స్వయంగా చెప్పింది."

"స్వయంగా ఏం చెప్పిందో గిప్పుడు విందాం." పద్మారాణి సమ్మక్క వైపు తిరిగింది. "ఈ సారుకు ఏ మాట చెప్పినవో గదే మాట, గట్లనే చెప్పు. ఒక్క మాట మార్చకు."

"ఏం చెప్పిన్నక్కా... మా ఆయన కండ్లు పచ్చగయినయి అన్న. నీళ్లు గూడ పచ్చగుండె అన్న."

"ఏ పచ్చ?"

"ఏ పచ్చేంది?"

"పసుపు పచ్చనా, ఆకు పచ్చనా?"

సమ్మక్క ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "కండ్లేమో పసుపు పచ్చ, కామెర్లయితే గట్లనే గదా. నీళ్లేమో ఆకు పచ్చ. నీళ్లేడనన్న పసుపుగుంటయా అక్కా?"

ఆడవాళ్ళంతా బ్రహ్మచారి వైపు తిరిగారు.

ముప్పై ఏళ్ళు విచారణలు చేసిన మనిషి ఒక్క ప్రశ్న అడగలేదు. తమ ఊళ్ళలో పసుపు చీరా పచ్చదే, గడ్డీ పచ్చదే అని ఆయనకు తెలియక కాదు. వరంగల్ దగ్గర పుట్టినవాడే. మొదటి పచ్చకు పీలా అని రాసిన చెయ్యి రెండో పచ్చకూ అదే రాసేసింది. ఆ చెయ్యిని ఆపి, 'అమ్మా, ఏ పచ్చ?' అనడానికి ఎంతసేపు పడుతుంది?

"ఏమని రాసిండక్కా?" సమ్మక్క గొంతు సన్నగా వచ్చింది.

"రెండూ పసుపే అని."

"అంటే... నా నోటితోటే ముత్యాన్ని లోపలికి పంపిన్నా?"

"నీ నోరు కాదు. ఈయన పెన్ను."

బ్రహ్మచారి నుదురు తుడుచుకోబోయాడు, రుమాలు లేదు. "ఆమె ఇప్పుడు మాట మారుస్తోంది. మీరు అందించిన మాట."

సమ్మక్క లోపలికి పోయింది. వచ్చేటప్పుడు చేతిలో లీటరున్నర కూల్‌డ్రింక్ సీసా. "పోయిన వారం సోమారం పట్టి పెట్టిన. ట్యాంకర్ డ్రైవర్‌కు సూపెట్టిన, గివి మనుషులు తాగే నీళ్లేనా అని. ఎల్లుండి సాఫ్ నీళ్లొస్తయ్ అన్నడు. మంగళారం ట్యాంకరే రాలే. బుధారం వచ్చినయి, అద్దం లెక్క."

సీసా పైన వేలెడు మందాన ఆకుపచ్చ మీగడ, తలుపులకేసే పెయింటులా చిక్కగా. మూత తీయగానే కుళ్ళిన గడ్డి వాసన.

"చూసుకోండి సారూ. ఏ పచ్చ?"

ఆయన చూశాడు. చూసి తల తిప్పుకున్నాడు.

పద్మారాణి ఆ సీసాను ఎండకు ఎత్తి పట్టింది. మీగడ కింద నీళ్ళు మాత్రం ఆకుపచ్చగా లేవు. లేత నీలంగా ఉన్నాయి. ఆమె మొబైల్ స్పీకరు పెట్టి వీణకు ఫోన్ కలిపి, మూట సంగతీ సీసా సంగతీ చెప్పింది. వీణ రైల్వే ఉద్యోగి కూతురు, సూక్ష్మజీవుల చదువు చదివి రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. పద్మారాణి కేసుల్లో అర్థంకానివన్నీ ఆమె నెత్తినే పడతాయి.

"నీలం దిగిందా? నిజంగా నీలమేనా అక్కా?" వీణ గొంతు పెరిగింది. "మామూలు పాచి చస్తే గోధుమరంగుకు పోతుంది. నీలం దిగిందంటే అది నీలి ఆకుపచ్చ శైవలం. ఎండాకాలం నిలవ నీళ్ళలో, మురుగు కలిసే చెరువుల్లో పుడుతుంది. అందులో కొన్నిటికి విషం ఉంటుంది. నేరుగా లివర్ మీద పనిచేస్తుంది."

"గట్లయితే పచ్చగ ఉన్నప్పుడు తాగినోళ్లు ఎందుకు సావలే? బుధారం అద్దం లెక్కొచ్చిన నీళ్లు తాగినోళ్లే పడ్డరు."

"పచ్చగా ఉన్నప్పుడు ఎలా తాగారు?"

పద్మారాణి ఆడవాళ్ళ వైపు చూసి అడిగింది. నలుగురు ఒకేసారి అన్నారు: "చీరకొంగు నాలుగు మడతలేసి వడగట్టి."

"అదీ సంగతి," అంది వీణ. "విషం ఆ పాచి కణాల లోపల ఉంటుంది. బతికున్నంతసేపు చాలావరకు లోపలే. మీ కొంగులో పాచితో పాటు విషమూ చిక్కింది. తర్వాత ఎవరో దాని మీద మైలుతుత్తం వేశారు. కణాలు పగిలాయి, విషమంతా నీళ్ళలోకి దిగింది. రంగు పోయింది, వాసన పోయింది, విషం ఉంది. వడగడితే పోదు. మరిగించినా పోదక్కా. గట్టివాళ్ళకు వాంతులతో సరిపోతుంది. లివర్ ముందే దెబ్బతిన్నవాళ్ళు తట్టుకోలేరు."

అంబదాస్‌కు నిరుడు కామెర్లు వచ్చి తగ్గాయి. మిగతా ఇద్దరూ రోజూ దేశీ సారా వేసేవాళ్ళు. గుజరాత్‌లో మందు లేదన్నది కాగితం మీది మాట.

సమ్మక్క ఫోన్లో మాటలన్నీ విన్నది. "రాత్రి డ్యూటీ దిగొచ్చిండు. చెంబుల నీళ్లు సూసి, 'ఇయ్యాల్ల నీళ్లు బాగున్నయే' అన్నడు. రెండు చెంబులు తాగిండు. మల్ల అడిగితే నేనే ఇచ్చిన."

పద్మారాణి ఆమెను ఓదార్చలేదు. ఆమెకు ఓదార్చడం రాదు. గడపలో ఉన్న నీళ్ళ బిందెను కాలితో తన్నింది. బిందె దొర్లి నీళ్ళు గల్లీలో పారాయి. పక్కింటి డ్రమ్ము పట్టుకుని వంచబోతే ఒకావిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏ పద్మక్కా! పాగలైనవా? గవి పొద్దుగాలటి నీళ్లు! సాఫ్ ఉన్నయి!"

"సాఫ్ ఉన్నయనే పారబోస్తున్న!"

"అతి చేస్తున్నారు," అన్నాడు బ్రహ్మచారి. ఆయనకు పోయిన పరువు ఇక్కడే తిరిగి తెచ్చుకోవాలనిపించింది. డ్రమ్ములో గ్లాసు ముంచి పైకెత్తాడు. నీళ్ళు ధగధగ మెరిశాయి. "ఇందులో ఏముంది? ఎవరో ల్యాబు పిల్ల ఫోన్లో చెప్పిన కథకు ఇంతమందిని దప్పికతో చంపుతారా? నేను తాగి చూపిస్తాను."

"తాగుండ్రి."

గ్లాసు పెదాల దగ్గరికి పోయింది.

"మీ బ్రీఫ్‌కేసుల పెన్నున్నది గదా, ముందు అది నాకియ్యుండ్రి. నాలుగో పేరు రాసుకుంట. మీ కండ్లు ఏ పచ్చయినయో నేనైతే తప్పు రాయ."

గ్లాసు అలాగే ఆగింది. బ్రహ్మచారి దాన్ని మెల్లగా దించి గోడ మీద పెట్టాడు. లైన్లో ఆడవాళ్ళు ఆ గ్లాసునే చూశారు. తర్వాత ఒకావిడ వచ్చి తన డ్రమ్మును తనే పడదోసింది. ఆ వెనక ఇంకొకావిడ. గల్లీ అంతా తడిసింది.

ఒంటిగంటా పదికి హారన్ కొట్టుకుంటూ ట్యాంకరు వచ్చింది. ముందుకు కదలనివ్వకుండా ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా ఖాళీ డ్రమ్ములు పెట్టేశారు. డ్రైవర్ భూపత్ తల బయటపెట్టి గుజరాతీలో తిట్ల వాన కురిపించాడు. పద్మారాణి ఫుట్‌బోర్డు మీదికెక్కి, రాగి పట్టిన తీగను అతని కళ్ళ ముందు ఆడించింది.

"ఈ మూట నీ ట్యాంకర్లోది. మైలుతుత్తం ఎవడు వేయమన్నాడు?" హిందీలోనే అడిగింది.

భూపత్ తీగనూ, వెనకున్న కానిస్టేబుల్‌నూ చూశాడు. తిట్లు ఆగిపోయాయి. "నాకేం తెలుసు బెన్? సేఠ్ హస్ముఖ్‌భాయ్ చెరువు పక్కన హౌదు, అంటే సిమెంటు తొట్టి, కట్టి ఆ నీళ్ళు నింపుతాడు. పచ్చగా ఉన్నాయని మీరే గోల చేశారు. సేఠ్ సోమవారం సాయంత్రం హౌదులో రెండు బస్తాలు మోర్‌థూథు, అదే మీ మైలుతుత్తం, వేయించాడు. ట్యాంకర్లో కూడా ఒక మూట వేలాడదీయమన్నాడు. నీళ్ళు సాఫ్ అవుతాయని. అయ్యాయి కదా!"

కానిస్టేబుల్ నోట్‌బుక్ తీశాడు. పద్మారాణి బ్రహ్మచారి బ్రీఫ్‌కేసు మీద తెల్లకాగితం పెట్టి, తనే హిందీలో నాలుగు లైన్లు రాసింది. 'సమ్మక్క పచ్చ అన్న మాటను రెండోచోట పీలా అని రాయడం నా తప్పు. నీళ్ళు ఆకుపచ్చవి.' కాగితం ఆయన ముందుకు తోసింది.

"సంతకం."

"మా క్లయింటును అడగకుండా..."

"దారి వదలండి!" భూపత్ మళ్ళీ హారన్ కొట్టాడు. "మీకొద్దంటే పోనీ, మొత్తం దవాఖానలోనే పోస్తాను. అక్కడ పైపు పగిలింది, పొద్దున్నుంచి మన నీళ్ళే. ఆరింటికి ఒక లోడు పోసొచ్చాను. ఇంకోటి కావాలని అరుస్తున్నారు."

"ఏ దవాఖాన?" పద్మారాణి గొంతు మారింది.

"సేఠ్ ట్రస్టుదే. రక్తం కడిగే మిషన్లున్నాయి చూడు, ఆ వార్డు. దానికి నీళ్ళు చాలా కావాలట."

ఫోన్ ఇంకా కట్ కాలేదు. వీణ గొంతు అందులోంచి సన్నగా, గబగబా వినిపించింది: "అక్కా, డయాలసిస్సా? తాగేవాడు తాగేది రెండు లీటర్లు. అక్కడ ఒక్కొక్కరి రక్తం పక్కనుంచి నూరు లీటర్లకు పైగా పోతాయి. మధ్యలో ఒక్క పల్చటి పొర. వాళ్ళ ఫిల్టర్లు ఎలాంటివో నాకు తెలీదు. ఆపించు. ముందు ఆపించు!"

పక్కన ఏదో దబ్బున పడింది. బ్రహ్మచారి బ్రీఫ్‌కేసు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"లత," అన్నాడు. "నా భార్య. వారానికి రెండుసార్లు అక్కడే. హస్ముఖ్‌భాయ్ ఉచితంగా చేయిస్తున్నాడు... ఇవాళ రెండింటికి ఆమె వంతు."

ఈ కేసులో ఆయనెందుకు ప్రశ్నలడగలేదో పద్మారాణికి అప్పుడు అర్థమైంది. ఒక మంచం, ఒక మిషను. జాలి పడటానికి టైము లేదు. ఒంటిగంటా ఇరవై రెండు.

"సంతకం పెట్టి ఫోన్ చెయ్యుండ్రి. రెండూ చెయ్యుండ్రి."

ఆయన చదవకుండా సంతకం గీశాడు. నంబరు నొక్కి స్పీకరు పెట్టాడు. పద్మారాణి కాగితం, మూట, సీసా మూడూ సంచిలో పెట్టి సమ్మక్క చేతికిచ్చింది. "ఆటో పట్టు. కానిస్టేబుల్, డ్రైవర్ ఇద్దరూ నీతోటే వస్తరు. ఝాలా చేతుల పెట్టు. వినకపోతే కోర్టుల జడ్జి ముందట పెట్టు."

"నాకు హిందీ రాదక్కా."

"సీసా ఎత్తి చూపియ్. దానికి ఏ భాషా అక్కర్లే."

సమ్మక్క సంచిని పొట్టకు అదుముకుంది. "పోత. నా మాట నేనే చెప్పుకుంట. ఎవల్ని రాయనియ్య."

అటువైపు ఫోన్ ఎత్తారు. వార్డు నర్సు. చుట్టూ అరుపులు, ఏదో ఇనుప గిన్నె కిందపడిన చప్పుడు.

"సిస్టర్, నేను లత భర్తను. రెండింటి బ్యాచ్ ఆపండి, నీళ్ళు మంచివి కావు..."

"రెండింటి బ్యాచ్ ఎక్కడిది భాయ్? మధ్యాహ్నం కరెంటు పోతుందని పన్నెండింటికే ఎక్కించాం. మీకే ఫోన్ చేయబోతున్నాను. లతాబెన్ వాంతులు చేసుకుంటోంది. కళ్ళు మసకగా ఉన్నాయంటోంది. ఆమె ఒక్కతే కాదు, తొమ్మిది మంచాల మీద తొమ్మిది మందీ..."

పద్మారాణి ఫోన్ లాక్కుంది.

"పైపులు పీకెయ్! డాక్టరు కోసం చూడకు, సేఠ్‌ను అడగకు. తొమ్మిది మిషన్లూ ఇప్పుడే బంద్ చెయ్!"

అవతల నర్సు అడిగింది:

"నువ్వెవరు? ఇక్కడ సేఠ్ నిలబడి ఉన్నాడు. ఫోన్ పెట్టేయమంటున్నాడు."